లోహపు అతుకు – దాని మంచిచెడ్డలు



నేటి ప్రసంగమునకు విషయము లోహముల నతుకుట. ఇది కమ్మరి కొలిమికిని, కంసాలి కుంపటికిని సంబంధించిన సంగతి కదా, గ్రామపెద్దలకు దీనితో నేమి పని యని కొందఱికి తోచవచ్చును. మన కృష్ణా డెల్టాలో నాగలియు బండియు కొయ్యవిగా నున్న దినములలో ఆ మాట కొంత సరియైనదే. నేడట్లు కాదు. దమ్ముచేయు ట్రాక్టరు, దాని ఇనుప దమ్ముచక్రములు, ధాన్యము మోయు ట్రక్కు, వరికోత యంత్రము, కాలువ తూముల తలుపులు, గుడివాడ ప్రాంతపు ధాన్యపు మిల్లులు, బందరు గిలకలదిండి రేవులోని పడవల యింజనులు, ఇవన్నియు ఇనుముతో చేసినవి. వీనిలో నెక్కువ భాగము అతుకుల మీదనే నిలిచియున్నది. అతుకు విఱిగిన దినమున పని ఆగును. ఒక్కొక్కప్పుడు మనుష్యులకు ప్రాణాపాయము కలుగును. పిమ్మట అతికినవానికిని సొంతదారునకును తగవు పుట్టి అది పెద్దల యెదుటికి వచ్చును. తీర్పు చెప్పువారికి అతుకు స్వభావము కొంత తెలిసియుండుట న్యాయము. నేను చాలకాలము కర్మశాలలో పనిచేసి, కుఱ్ఱవాండ్రకు ఆ పని నేర్పినవాడను గనుక, నా యెఱిగినంత మనవి చేసెదను.

అతుకువిద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. పాండురంగస్వామి కోవెల గల చిలకలపూడి పేరు చెప్పగనే బందరు రోల్డుగోల్డు నగలు జ్ఞప్తికి వచ్చును. రాగిమీదను ఇత్తడిమీదను బంగారు పొర నిలిపి నగచేయుట అచ్చటి పనివారల నేర్పు. నేడు ఆ పొరను చాలవఱకు విద్యుత్తు సాయమున పట్టించుచున్నారు. పూత ఎట్లు పట్టించినను, దానికి ముందు గొలుసు కడియలను, కొక్కెములను, రాళ్ల గూళ్లను ఒకదాని కొకటి టంకముతో అతుకవలసినదే. ఆ పనివాడు చేయునది చూచితిమేని లోహపు అతుకునకు మూలసూత్రములు మూడును తెలియును. మొదట అతుకుచోటును శుభ్రముగా గీకును. తరువాత వెలిగారమును నీటితో నూఱి పూయును. పిమ్మట చిన్న టంకపు తునకను పెట్టి ఊదుగొట్టముతో మంట ఊదును.

వెలిగారమెందుకు? కాగిన లోహమునకు గాలి తగిలినప్పుడు దానిపై నొక కిలుపుపొర ఏర్పడును. ఆ పొర యుండగా కరగిన టంకము తామరాకుపై నీటిబొట్టువలె నిలుచును గాని లోహమును పట్టదు. వెలిగారము 743 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికి కరగి, ఆ పొరను తనలో కలుపుకొని, గాలి తగులకుండ కాపాడును. ఇక టంకమనగా అతుకబడు లోహముకంటె తక్కువ వేడిమికే కరగు మిశ్రమము. రాగి 1085 డిగ్రీలకు కరగును. వెండి 962 డిగ్రీలకు కరగును. అయినను నూటికి 72 పాళ్లు వెండియు 28 పాళ్లు రాగియు కలిపినచో ఆ మిశ్రమము 780 డిగ్రీలకే కరగును. రెండు లోహములు కలిసి, విడివిడిగా నున్నప్పటికంటె త్వరగా కరగుట మీదనే టంకపు విద్య చాలవఱకు ఆధారపడియున్నది.

ఇందొక పొరపాటు అభిప్రాయము కలదు. టంక మెంత ఎక్కువ పోసిన అతుకు అంత గట్టియని పలువురు తలచెదరు. నిజము దీనికి వ్యతిరేకము. రెండు ముక్కల నడుమ సందు తలవెండ్రుక మందముకంటె ఎక్కువ కాకుండ కూర్చినప్పుడే కరగిన టంకము దీపపువత్తి నూనెను పీల్చినట్లు సందులోనికి పాకి గట్టిగా పట్టును. సందు వెడల్పయినకొలది అతుకునకు టంకపు బలమే మిగులును. అది తక్కువ బలము. కాబట్టి మంచి పనివాని నేర్పు మంటయందుకంటె ఆకురాయియందు ఎక్కువ కానవచ్చును.

టంకములలో రెండు హెచ్చరికలు చెప్పవలసియున్నది. నగలకు త్వరగా కరగు టంకము కావలెనని కొందఱు కాడ్మియము అను లోహమును చేర్చుచుండిరి. అది 767 డిగ్రీలకే ఆవిరియగును. ఆ ఆవిరి ఊపిరితిత్తులకు విషము. మంట ఊదువాడు ఆ గాలినే పీల్చుచుండును గనుక అట్టి టంకము మన యిండ్లలోనికి రానీయరాదు. రెండవది, పాత్రలకు మాట్లు వేయునప్పటి సీసము. తగరము 232 డిగ్రీలకు, సీసము 327 డిగ్రీలకు కరగును. 63 పాళ్లు తగరమును 37 పాళ్లు సీసమును కలిపిన 183 డిగ్రీలకే కరగును. రేకు డబ్బాలకు, విద్యుత్తు తీగలకు అది మంచిదే. త్రాగునీటి బిందెకు గాని, పులుసు కాచు గిన్నెకు గాని సీసము తగులరాదు. పులుపు సీసమును కరగించి కడుపులోనికి చేర్చును. పిల్లల బుద్ధివికాసమునకు అది మిగుల హాని. అట్టివానికి సీసము కలియని తగరపు కళాయియే తగినది.

ఇక ఇనుము సంగతి. వెనుకటి కమ్మరి బండిచక్రపు పట్టాను అతుకునప్పుడు రెండు కొనలను తెల్లగా కాలువఱకు కొలిమిలో నుంచి, ఇసుక చల్లి, దాకలిపై పెట్టి సమ్మెటతో మోదెడివాడు. ఆ యిసుక వెలిగారము పనియే చేసెడిది. ఇనుము కరగుటకు ఇంచుమించు 1500 డిగ్రీలు కావలెను. తోలుతిత్తి అంత వేడిమిని ఒకచోట నిలుపజాలదు. 1895 సంవత్సరమున ఫ్రాన్సు దేశపు లె షాతలియే అను శాస్త్రజ్ఞుడు ఎసిటిలీను వాయువును ప్రాణవాయువుతో కలిపి మండించిన 3000 డిగ్రీలకు మించిన మంట వచ్చునని కనుగొనెను. గ్యాసు వెల్డింగునకు అది పునాది. విద్యుత్తు మెఱుపుతో ఇనుమును కరగించు పద్ధతి అంతకు కొలది సంవత్సరములకు ముందే రష్యాలో పుట్టెను గాని, అతుకులోనికి గాలి చొరబడి అది పెళుసయ్యెడిది. స్వీడను దేశస్థుడగు ఆస్కారు షెల్‌బెరి యను నతడు ఇనుపకడ్డీకి మందుపూత పూసి ఆ లోపమును తీర్చెను. 1904లో అందుకొఱకు నొక సంస్థను స్థాపించెను. నేడు మన యూరి వెల్డింగుకొట్టులోని పుల్ల ఆ పుల్లకు సంతతియే. దానిపై పూత మన వెలిగారమునకు మాఱుపేరని తలపుడు. పూత కాలి పొగయై గాలిని త్రోయును. కరగి చిట్టెమై అతుకును కప్పును.

పుల్లలన్నియు నొకటి కావు. పెట్టెమీది అంకెను చదువుట నేర్చుకొన్నచో మోసపోము. మన యూళ్లలో తఱచుగా వాడునది 6013. మొదటి రెండంకెలు అతుకు బలమును తెలుపును. చదరపు అంగుళమునకు 60 వేల పౌనుల లాగుడునకు ఓర్చునని యర్థము. మూడవదగు ఒకటి, పుల్లను క్రింద, నిలువున, తలపైన ఎట్లయినను వాడవచ్చునని తెలుపును. నాలుగవ అంకె పూత రకమును చెప్పును. గేట్లకు, పలుచని రేకులకు, సామాన్యపు పనులకు 6013 చాలును. బరువు మోయు భాగములకు, అనగా ట్రక్కు కొక్కెము, చాసి, తూము తలుపుల గొలుసుకొంకి మొదలగువానికి, 7018 మేలు. అయితే 7018 పుల్లకు తేమ శత్రువు. పూత పీల్చిన తేమనుండి ఉదజని పుట్టి అతుకులోనికి చేరును. అతికిననాడు ఏమియు కనబడదు. ఒకటి రెండు దినముల పిమ్మట లోపల నెఱ్ఱె పట్టును. కృష్ణానది రెండు పాయల నడుమనున్న దివిసీమలో, అందును కోడూరు, నాగాయలంక ప్రాంతములలో, గాలిలో తేమ ఎంతగా నుండునో మీ రెఱుగుదురు. విప్పిన పెట్టెను గోడవార పడవేసి నెల తరువాత వాడిన పుల్లతో వేసిన అతుకును నమ్మరాదు. మూతగల డబ్బాలో నుంచి, వాడుటకు ముందు 300 డిగ్రీలకు మించిన వేడిమిగల పెట్టెలో గంటసేపయినను కాల్చవలెను.

మరకు ఎంత కరెంటు పెట్టవలెనను ప్రశ్నకు నొక సులువైన లెక్క కలదు. పుల్ల లోపలి కడ్డీ మందము ఒక్కొక్క మిల్లీమీటరునకు ఇంచుమించు 40 ఆంపియర్లు. రెండున్నర మిల్లీమీటర్ల పుల్లకు 60 మొదలు 90, మూడుంబావు దానికి 90 మొదలు 130 వఱకు సరిపడును. తక్కువైన లోహము కరగక పైపైన అంటుకొనును. ఎక్కువైన అంచు కోసుకొనిపోయి గాడి పడును. విఱుగుట అక్కడనే మొదలగును. పుల్ల కొనకును ఇనుమునకును నడిమి యెడము కడ్డీ మందముకంటె మించరాదు.

అతుకుటకు ముందు ఆ లోహమేదో తెలిసికొనవలెను. ఉలితో నంచును చెక్కి చూడుడు. మెత్తని ఉక్కు చుట్టవలె చుట్టుకొని వచ్చును. పోతయినుము పొడిపొడిగా రాలును. సానరాతికి పట్టి చూడుడు. మెత్తని ఉక్కు రవ్వలు పొడవుగా తెల్లగా పోవును. పోతయినుము రవ్వలు ఎఱ్ఱగా పొట్టిగా నుండును. ఎక్కువ కర్బనము గల ఉక్కు రవ్వలు మతాబువలె చీలును. ఈ మూడవ జాతిలోనివే ట్రక్కు స్ప్రింగుపట్టీలు. వానిని సామాన్యపు పుల్లతో అతికిన అతుకు నిలిచినను దాని ప్రక్కనున్న లోహము గాజువలె పెళుసై విఱుగును. స్ప్రింగుపట్టీని అతుకుమని కోరువానికి వలదని చెప్పి క్రొత్తది కొనిపించుట మేలు.

నీటిపంపు పెంకులు, ఇంజను దిమ్మలు, పాత మిల్లుల కప్పీలు తఱచుగా పోతయినుముతో చేసినవి. వీనికి వైద్యము వేఱు. నెఱ్ఱె రెండు కొనలయందును చిన్న రంధ్రము తొలిచినయెడల అది ముందునకు పాకదు. లోపలి నూనెను వేడిచేసి వెళ్లగొట్టి, నెఱ్ఱెను వి ఆకారముగా తెఱచి, నికెలు పుల్లతో అంగుళము పొడవుకు మించకుండ అతుకు వేసి, వేడిగా నుండగనే చిన్న సుత్తితో మెల్లగా కొట్టి, చేయి పెట్టగలిగినంత చల్లాఱిన పిదప మఱియొక అంగుళము వేయవలెను. పని ముగిసిన పిమ్మట బూడిదతో కప్పి తనంతట చల్లాఱనీయవలెను. నీరు చల్లి చల్లార్చిన పంపు మఱల పగులును. నికెలు పుల్లకు వెల ఎక్కువ. బలము అంతగా అక్కఱలేనిచోట గ్యాసుమంటతో ఇత్తడి అతుకు వేయుటయు మంచి పద్ధతియే.

గ్రామములో ఉమ్మడిగా నొక కర్మశాల పెట్టదలచిన ఏయే సాధనములు కావలెను? మొదటిది వెల్డింగు మర. పాతకాలపు ట్రాన్సుఫార్మరు మర బరువైనను మొండిది. ఇన్వర్టరు మర తేలికయైనది, తక్కువ విద్యుత్తు తినును, కాని దుమ్మునకును ఉప్పుగాలికిని తాళదు గనుక మూతలో నుంచి తఱచుగా దులుపవలెను. కొనునప్పుడు ఎన్ని ఆంపియర్లని మాత్రమే అడుగక, ఆ ఆంపియర్లవద్ద పది నిమిషములలో ఎన్ని నిమిషములు పనిచేయునని అడుగుడు. దీనిని డ్యూటీ సైకిలందురు. 200 ఆంపియర్లవద్ద నూటికి అరువది యనగా ఆఱు నిమిషములు పని, నాలుగు నిమిషములు విశ్రాంతి. ఇది తెలియక చౌకమరను కొని కోతల దినములలో కాల్చుకొన్నవారు కలరు. తరువాత బల్లకు బిగించిన గట్టి వైసు, దాకలి, ఆకురాళ్లు, తీగబ్రష్షు, చిట్టెము కొట్టు సుత్తి, మూలమట్టము, బిగింపు క్లాంపులు, సానచక్రము. నన్నడిగిన పుల్లల ఖర్చులో కొంత తగ్గించియైనను మంచి క్లాంపులు కొనుమందును. కదలక నిలిచిన ముక్కలకు సగము అతుకు పడినట్లే.

గ్యాసుతో పనిచేయువారు మఱవరానివి కొన్ని యున్నవి. నల్లరంగు సిలిండరు ప్రాణవాయువునకు, ముదురెఱుపు సిలిండరు ఎసిటిలీనునకు. ప్రాణవాయువు మరలకు నూనెగాని గ్రీజుగాని తగులరాదు. తగిలిన తనంతట భగ్గుమనును. ఎసిటిలీను సిలిండరును పండబెట్టరాదు. దాని యొత్తిడి గొట్టములలో చదరపు అంగుళమునకు 15 పౌనులు మించరాదు. దానికి రాగిగొట్టము వాడరాదు. మంట వెనుకకు పాకకుండ ఆపు కవాటము రెండు గొట్టములకును ఉండవలెను.

మన డెల్టాలో విద్యుత్తు వెల్డింగునకు ముఖ్యమైన భయము తడి. దమ్ములో దిగబడిన ట్రాక్టరును అక్కడనే అతుకుమని తొందరపెట్టుట మనలో కలదు. పుల్ల కొనయందు 50 మొదలు 80 వోల్టుల విద్యుత్తు నిలిచియుండును. పొడినేలపై చెప్పులతో నున్నవానికి అది అంతగా తెలియదు. మోకాలిబురదలో చెమటపట్టి నిలిచినవాని ప్రాణము తీయగలదు. బండిని గట్టుకు లాగించిన తరువాతనే పని మొదలు పెట్టించుడు. ట్రాక్టరునకు బ్యాటరీ తీగలు ముందు విప్పవలెను. ఎర్తు క్లాంపును అతుకునకు దగ్గఱగా బిగింపవలెను, లేనియెడల కరెంటు బేరింగులగుండ పోయి వానిని పాడుచేయును. డీజిలు ఉంచిన పీపా ఖాళీగా కనబడినను లోపల ఆవిరి యుండును. అది అతుకునప్పుడు బాంబువలె పేలును. జింకురేకులను అతుకునప్పుడు తెల్లని పొగ వచ్చును. అది పీల్చినవానికి సాయంకాలమునకు చలిజ్వరము వచ్చును గనుక పూతను గీకివేసి గాలి పాఱుచోట పనిచేయవలెను. ముసుగు లేక మెఱుపును చూచినవాని కండ్లు రాత్రివేళ ఇసుక పోసినట్లు మండును. చుట్టుచేరి చూచు పిల్లలకు ఇది ఎక్కువగా జరుగును. ఏ పసరును పోయక వైద్యునికి చూపవలెను.

ఇప్పుడు తగవుల సంగతి. గుడివాడ తాలూకాలోని యొక గ్రామమున, నాట్లకు కూలీలను ఎక్కించుకొని పోవుచున్న ట్రక్కు కొక్కెము విఱిగి, ట్రక్కు కాలువగట్టుపై ఒరగినది. అదృష్టవశమున ఎవరికిని పెద్ద దెబ్బ తగులలేదు. అంతకు రెండు నెలల ముందు ఆ కొక్కెమును అతికిన పనివానిదే తప్పని సొంతదారు అతనికి రావలసిన కూలి నిలిపివేసెను. పెద్దలు ఆ ముక్కలను నాకు చూపిరి. అతుకు చెక్కుచెదరలేదు. దానికి నాలుగంగుళముల దూరమున, ఎన్నడును అతుకని పట్టీ విఱిగినది. విఱిగిన మొగమున మూడింట రెండు పాళ్లు పాతతుప్పు. మిగిలిన పాలు మాత్రమే క్రొత్తగా మెఱయుచున్నది. తుప్పుపట్టిన భాగమున, సముద్రపుటొడ్డున అలలు విడిచిపోయిన గీతలవలె వరుసగా గీతలున్నవి. అనగా నెఱ్ఱె చాలకాలమునుండి కొంచెము కొంచెముగా పాకుచుండెను. ఎక్కువ బరువు వేయుటచేత పాకినది. మిగిలిన పిడికెడు లోహము ఆనాడు తెగినది. పెద్దలు ఆ ముక్కలను సొంతదారునకే చూపిరి. అతడు చూచి, కూలి చెల్లించెను.

ఈ పరీక్ష మీరును చేయవచ్చును. విఱిగినచోట వడియమువలె బుడిపెలు, గాలిరంధ్రములు కనబడిన పుల్లకు తేమయో, ఇనుముపై నూనెయో కారణము. నల్లని గాజువంటి తునకలున్న చిట్టెమును కొట్టకయే రెండవ వరుస వేసినారు. మొదట కోసిన అంచు నునుపుగా అట్లే నిలిచియున్న లోహము కరగలేదు, కరెంటు చాలలేదు. ఈ మూడును పనివాని లోపములు. అతుకునకు దూరమున అలగీతలు, పాతతుప్పు కానవచ్చిన అది తఱచుగా బరువు వేసినవాని లోపము, చూచుకొనని లోపము. ముక్కలను తుడువక, రుద్దక, కాగితములో చుట్టి యుంచుడు. సాక్ష్యము వానియందే యున్నది.

చివరగా నొక మాట. 1864లో బందరును ముంచిన ఉప్పెనను పెద్దలు చెప్పగా వింటిమి. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమలో వేలమందిని తీసికొనిపోయినది. దాని తరువాత తీరమున తుపాను ఆశ్రయములు కట్టబడినవి. ఆ కట్టడముల తలుపుల బందులు, కిటికీల చువ్వలు, మెట్లకమ్ములు, ఊరి తూముల తలుపులు, ఇవన్నియు అతుకులే. హంసలదీవి వైపు ఉప్పుగాలి ఇనుమును తినుటలో అతుకు సందులలోనే మొదలుపెట్టును. సందు మిగులకుండ చుట్టును అతికించి, చిట్టెము పూర్తిగా కొట్టి, తుప్పు గీకి, ఎఱ్ఱరంగు రెండు పూతలు పూసి పైరంగు వేయించిన అతుకు చాలకాలము నిలుచును. చిట్టెముపైననే రంగు వేసిన అది పెచ్చులూడి, ఒక వర్షకాలములోనే లోపల తుప్పు పట్టును.

కావున ప్రతిసంవత్సరము తుపానుల కాలము రాకమునుపే, భాద్రపదములో నొకదినము నియమించి, ఊరి పనివానిని వెంటబెట్టుకొని, సుత్తియు తీగబ్రష్షును చేతబట్టి, ఆశ్రయపు తలుపు మొదలు తూము తలుపువఱకు ఒక్కొక్క అతుకును తట్టి చూడుడు. గట్టి అతుకు గణగణ మ్రోగును. నెఱ్ఱె పట్టినది బొద్దుగా పలుకును. చూచినదానిని నొక పుస్తకములో వ్రాసి యుంచుడు. ఆ పనివానికి ఆనాటి కూలి యిచ్చి పంపుడు. ఊరిలో చురుకైన కుఱ్ఱవాడు దొరకినయెడల పారిశ్రామిక శిక్షణసంస్థకు పంపి ఈ విద్య నేర్పింపుడు. తలుపు బందు నిలుచునో లేదో గాలివాన నడిరేయి తెలిసికొనుటకంటె పగటివేళ ముందుగా తెలిసికొనుట మేలు.